డిగ్రీలు, బ్రాంచీల పొడి అక్షరాలు: రచన మొత్తంలో ఒకే తీరున రాయడం ఎలా

కళాశాల వార్షిక సంచిక, పూర్వ విద్యార్థుల డైరెక్టరీ, ప్రవేశాల కరపత్రం, సన్మాన పత్రం, పెళ్లి శుభలేఖ, ఉద్యోగ దరఖాస్తు, వీటిలో ఏది తీసుకున్నా చదువుల పేర్లు చాలావరకు పొడి అక్షరాల్లోనే ఉంటాయి. రాసేవారు ఒక్కరు కారు, దిద్దేవారూ ఒక్కరు కారు. అందువల్ల ఒకే పుస్తకంలో ముందుమాటలో బి.ఎస్సి. అనీ, విద్యార్థుల వ్యాసాల్లో బీఎస్సీ అనీ, చివరి పేజీల జాబితాలో బీఎస్‌సీ అనీ కనిపించడం మామూలైపోయింది. ఇది చూపుకు ఇబ్బంది కలిగించడంతో ఆగిపోయే లోపమైతే ఇంత వివరంగా చెప్పుకోవలసిన పని ఉండేది కాదు. బీకామ్ సీఏ చదివిన అభ్యర్థిని చార్టర్డ్ అకౌంటెంట్ అనుకోవడం, అమెరికాలో ఎంఎస్ చేసినవారిని శస్త్రవైద్యుల వరసలో చేర్చడం, బీఈ పట్టా పొందినవారి పేరు పక్కన బీటెక్ అని అచ్చువేయడం వంటి పొరపాట్లు కూడా ఈ అజాగ్రత్తలోంచే పుడతాయి. చదువు ఒక మనిషి ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించుకున్నది కాబట్టి దాని పేరును ఉన్నది ఉన్నట్టు రాయడం మన కనీస బాధ్యత.

ఒకే తీరు అంటే ఏమిటో ముందే తేల్చుకోవడం మంచిది. ఒక చదువుకు ఒక రూపం నిర్ణయించుకోవాలి, రచన మొత్తంలో ఆ చదువును ఆ రూపంలోనే రాయాలి, ఆ రూపాన్ని మరో చదువుకు వాడకూడదు. అంతకుమించి, అన్ని చదువుల పేర్లూ చూడటానికి ఒకేలా ఉండాలని పట్టుబట్టనక్కరలేదు. ఇంజినీరింగ్‌లో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్), ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), ఈఈఈ (ఎలక్ట్రికల్) మూడేసి అక్షరాల్లో ఉన్నాయి గదా అని సివిల్‌ను సీఈ అనీ, మెకానికల్‌ను ఎంఈ అనీ కత్తిరిస్తే పట్టిక పొందికగా కనిపిస్తుందేమో గానీ చదివేవారికి అర్థం కాదు. మన ఇంజినీరింగ్ కళాశాలల్లో ఆ రెండు బ్రాంచీలనూ అందరూ సివిల్, మెకానికల్ అనే పిలుస్తారు, అలాగే రాయాలి.

మొదటి మెట్టు: వాడిన రూపాలన్నీ బయటికి తీయడం

రాతప్రతి చేతికి రాగానే దిద్దడం మొదలుపెట్టకూడదు. ముందుగా ఒకసారి కేవలం చదువుల పేర్ల కోసమే దాన్ని చివరిదాకా చదివి, ఎదురైన ప్రతి రూపాన్నీ ఏ మార్పూ చేయకుండా ఒక పట్టికలో ఎక్కించాలి. ఆ పట్టికకు నాలుగు నిలువు వరసలు చాలు: చదువు పూర్తి పేరు, ప్రతిలో కనిపించిన రూపాలు, మనం ఎంచుకున్న రూపం, ఎందుకు ఎంచుకున్నామో చెప్పే చిన్న గమనిక. వ్యాసాల్లోని వాక్యాలను అందరూ చూస్తారు; ఫొటోల కింది వ్యాఖ్యలు, పట్టికల తలకట్లు, అట్ట వెనకవైపు ప్రకటన, సంపాదకవర్గం పేర్లున్న పేజీ మాత్రం తరచుగా కళ్లు తప్పిపోతాయి. బీటెక్ ఒక్కదానికే బి.టెక్., బి.టెక్, బి టెక్, బీ.టెక్, బీ-టెక్, బీటెక్ అనే రూపాలన్నీ ఒకే ప్రతిలో దొరకడం వింతేమీ కాదు. వాటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే పని ఎంత ఉందో తెలుస్తుంది, ఏ రూపాన్ని ఎంచుకుంటే తక్కువ మార్పులతో సరిపోతుందో కూడా తేలుతుంది.

రెండో మెట్టు: డిగ్రీని, విషయాన్ని విడదీయడం

చదువు పేరులో రెండు అంతస్తులు ఉంటాయి. మొదటిది పట్టా స్థాయి: బీఏ, బీకామ్, బీఎస్సీ, బీటెక్, ఎంఏ, ఎంబీఏ వంటివి. రెండోది ఆ పట్టాలో చదివిన విషయం. ఈ రెండోదాన్ని మన దగ్గర ఇంటర్మీడియట్‌లో గ్రూపు అంటారు, డిగ్రీలో కాంబినేషన్ అంటారు, ఇంజినీరింగ్‌లో బ్రాంచి అంటారు, పీజీలో స్పెషలైజేషన్ అంటారు. 2023-24 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో సింగిల్ మేజర్ విధానం రావడంతో మేజర్ అనే మాట కూడా ఈ వరసలో చేరింది. ఒక రచనలో ఈ రెండు అంతస్తులనూ ఎప్పుడూ ఒకే క్రమంలో రాయాలి. స్థాయి ముందు, విషయం తరవాత ఉంచడం చదువరికి సులువు: బీటెక్ సీఎస్ఈ, బీఎస్సీ బీజెడ్‌సీ, ఎంఏ తెలుగు, ఎంబీఏ ఫైనాన్స్. మాట్లాడేటప్పుడు అగ్రికల్చర్ బీఎస్సీ అంటాం. కానీ జాబితాలో పక్కన బీఎస్సీ కెమిస్ట్రీ ఉన్నప్పుడు అక్కడ బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్ అనే ఉండాలి.

స్థాయిని వదిలేసి విషయం ఒక్కటే రాయడం మన రాతల్లో చాలా ఎక్కువగా కనిపించే లోపం. ఎంపీసీ పూర్తిచేసింది అని రాస్తే అది ఇంటర్మీడియట్ గ్రూపా, మూడేళ్ల బీఎస్సీ కాంబినేషనా అన్నది తేలదు. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం అనే మూడు సబ్జెక్టులూ రెండు స్థాయిల్లోనూ అదే పేరుతో ఉన్నాయి. ఇంటర్ ఎంపీసీ, బీఎస్సీ ఎంపీసీ అని రాస్తే రెండక్షరాల ఖర్చుతో సందేహం తీరిపోతుంది.

ఇంటర్ గ్రూపుల్లో సీ అనే అక్షరాన్ని గమనించండి. ఎంపీసీ, బైపీసీల్లో అది రసాయనశాస్త్రం, ఎంఈసీలో వాణిజ్యశాస్త్రం, హెచ్ఈసీలో పౌరశాస్త్రం, సీఈసీలో రెండుసార్లు వచ్చి ఒకసారి పౌరశాస్త్రాన్నీ, మరోసారి వాణిజ్యశాస్త్రాన్నీ సూచిస్తుంది. కాబట్టి ఈ రూపాలను అక్షరం అక్షరంగా విడగొట్టి కొత్తవి తయారుచేయకుండా, మొత్తంగా ఒక పేరు అని భావించి వాడాలి. బైపీసీలోని బై అక్షరం పేరు కాదు, బయాలజీ అనే మాటలోని తొలి పలుకు. ఇతర గ్రూపులతో పొందిక కోసం దాన్ని బీపీసీ అని మార్చే హక్కు ఎవరికీ లేదు.

మూడో మెట్టు: చుక్కల పద్ధతా, చుక్కలు లేని పద్ధతా తేల్చుకోవడం

తెలుగులో రెండు పద్ధతులూ బాగా పాతుకుపోయినవే. పాత పుస్తకాలు, శుభలేఖలు, సన్మాన పత్రాలు బి.ఏ., ఎం.ఏ., బి.కాం. అని హ్రస్వాలతో, చుక్కలతో రాస్తాయి. దినపత్రికలు బీఏ, ఎంఏ, బీకామ్ అని దీర్ఘాలతో, చుక్కలు లేకుండా రాస్తాయి. ఏది తప్పనీ ఏది ఒప్పనీ వాదించనవసరం లేదు, కానీ రెండింటినీ కలపకూడదు. బీ.టెక్ అనే రూపం పత్రికల దీర్ఘాన్నీ, పుస్తకాల చుక్కనూ ఒకేచోట తెచ్చిపెట్టింది. అలాంటి కలగాపులగాన్ని పట్టికలోంచి ముందుగా కొట్టేయాలి.

నిలకడగా రాయడం చుక్కలు లేని పద్ధతిలోనే తేలిక. చుక్కల పద్ధతి ఎంచుకుంటే ఒక నియమం గుర్తుంచుకోవాలి: చుక్క అక్షరానికి కాదు, కుదించిన మాటకు చెందుతుంది. ఎస్సి అనే రెండక్షరాలు సైన్స్ అనే ఒకే మాట నుంచి వచ్చాయి కాబట్టి బి.ఎస్సి. అని రాయాలి, బి.ఎస్.సి. అని కాదు. అదేవిధంగా పిహెచ్.డి.లో మొదటి రెండక్షరాలూ ఒకే మాటవి; వాటి మధ్య చుక్క పెట్టకూడదు. న్యాయశాస్త్ర పట్టాలోని రెండు ఎల్ అక్షరాలు లాటిన్ సంప్రదాయం ప్రకారం ఒకే మాటకు బహువచనాన్ని సూచిస్తాయి, అందుకే అది ఎల్ఎల్.బి. అవుతుంది. ఎం.బి.ఏ.లో మాత్రం మూడు మాటలు ఉన్నాయి, మూడు చుక్కలూ కావాలి. చుక్కతో ముగిసే రూపం వాక్యం చివర వస్తే మరో చుక్క చేర్చనక్కరలేదు. ఆ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది.

అక్షరాల పేర్లను కూడా ఇక్కడే స్థిరపరచుకోవాలి. ఎం రాస్తారా ఎమ్ రాస్తారా, హెచ్ రాస్తారా ఎచ్ రాస్తారా, జెడ్ రాస్తారా జడ్ రాస్తారా అన్నవి ఒక్కసారి నిర్ణయిస్తే చాలు. ఎంబీఏలో ఎం అని రాసి, పక్క పేరాలో ఎమ్‌సీఏ అని రాస్తే చదువరి కన్ను అక్కడ తట్టుకుంటుంది. అక్షరాలుగా పలికేవాటిని అక్షరాలుగానూ, మాటగా పలికేవాటిని మాటగానూ రాయాలి: బీటెక్‌లో టెక్‌ను, ఎంఫిల్‌లో ఫిల్‌ను, బీఫార్మసీలో ఫార్మసీని మాటగానే పలుకుతాం. బీఈడీ విషయంలో మాత్రం తెలుగువారు మూడక్షరాలుగా పలకడం ఎప్పుడో స్థిరపడిపోయింది. చుక్కలు లేని పద్ధతిలో బీఈడీ అనే రాయండి, బీఎడ్ అని రెండో రూపం తేవద్దు.

నాలుగో మెట్టు: కంప్యూటర్లో అక్షరాలు అతుక్కోకుండా చూసుకోవడం

ఈ మెట్టు చిన్నదే అయినా దీన్ని దాటేసిన ప్రతుల్లో తప్పులు ఎంతకీ తరగవు. తెలుగులో పొల్లు తరవాత హల్లు వస్తే ఆ హల్లు ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. పీహెచ్ తరవాత డీ కొట్టగానే పీహెచ్డీ అయిపోవడం, బీజెడ్ తరవాత సీ కొట్టగానే బీజెడ్సీ అయిపోవడం అందుకే. అలా అతుక్కోకుండా ఆపడానికి యూనికోడ్‌లో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. దాన్ని మధ్యలో ఉంచితే పీహెచ్‌డీ, బీజెడ్‌సీ అని విడివిడిగా నిలుస్తాయి. దీనికి బదులు మామూలు ఖాళీ కొడితే పంక్తి చివర పీహెచ్ ఒకవైపు, డీ మరోవైపు తెగిపోతాయి.

ఈ అక్షరం హల్లు ముందు మాత్రమే కావాలి. అచ్చు ఎలాగూ ఒత్తుగా మారదు కనుక సీఎస్ఈ, హెచ్ఈసీ, ఎల్ఎల్‌బీలోని మొదటి రెండు అక్షరాలు వంటి చోట్ల దాని అవసరమే లేదు. సున్నాతో ముగిసే ఎం తరవాత కూడా అక్కరలేదు. అవసరం లేనిచోట దాన్ని దూర్చితే వచ్చే చిక్కు ఏమిటంటే, కంటికి ఒకేలా కనిపించే సీఎస్ఈలు కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలవుతాయి. ఒకదాన్ని వెతికితే రెండోది దొరకకపోవచ్చు. డైరెక్టరీలో ఒక విద్యార్థి పేరు వెతుకులాటకు అందకుండా పోవడానికి ఇది చాలు. ఎక్కడ కావాలో అక్కడే ఉంచండి, ఎక్కడ అక్కరలేదో అక్కడ తీసేయండి.

బీఎస్సీ ఒక్కటి మినహాయింపు. అందులో ఎస్, సీ కలిసి స్సీ అయిన రూపమే జనం వాడుకలో స్థిరపడింది. నియమం పేరుతో దాన్ని బీఎస్‌సీ చేయనవసరం లేదు. అయితే బీఎస్సీ అని నిర్ణయిస్తే ఎంఎస్సీ కూడా అలాగే ఉండాలి.

ఐదో మెట్టు: పేరు సరైనదేనా అని ఆధారంతో సరిచూడటం

తీరు ఒకటిగా ఉండి పేరే తప్పైతే ప్రయోజనం లేదు. మొదటి ఆధారం ఎప్పుడూ ఆ వ్యక్తి పట్టానే, ఊహ పనికిరాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్‌లో ఇచ్చే పట్టా బీఈ. జేఎన్‌టీయూలు ఇచ్చేది బీటెక్. చదువు ఒకే స్థాయిదైనా పేర్లు వేరు, కనుక ఒకే తీరు కోసం అందరినీ బీటెక్ చేయడం తప్పు. తమిళనాడులోని అన్నా విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్‌కు బీఈ, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీకి బీటెక్ ఇస్తుంది. చెన్నైలో చదివిన తెలుగు విద్యార్థుల జాబితా తయారుచేసేటప్పుడు ఈ సంగతి అక్కరకొస్తుంది. డిగ్రీ పేరు మీదే సందేహం వస్తే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 1956 నాటి చట్టంలోని 22వ సెక్షన్ కింద 2014లో వెలువరించిన ప్రకటన ఉంది; అందులో డిగ్రీల పూర్తి పేర్లతో పాటు సంక్షిప్త రూపాలూ ఉన్నాయి.

పట్టా అందుబాటులో లేకపోతే జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల విద్యార్థుల విషయంలో హాల్‌టికెట్ నంబరు సాయం చేస్తుంది. పది స్థానాల ఆ నంబరులో 7, 8 స్థానాల్లోని అంకెలు బ్రాంచిని చెబుతాయి: 01 సివిల్, 02 ఈఈఈ, 03 మెకానికల్, 04 ఈసీఈ, 05 సీఎస్ఈ, 12 ఐటీ. డైరెక్టరీ కోసం వచ్చిన దరఖాస్తులో ఒకరు సీఎస్ అనీ, మరొకరు కంప్యూటర్స్ అనీ, ఇంకొకరు సీఎస్‌ఐటీ అనీ రాసినప్పుడు ఈ రెండంకెలు చూస్తే అసలు బ్రాంచి తెలిసిపోతుంది.

ఇంజినీరింగ్ ప్రవేశపరీక్ష ఈఏపీసెట్ కౌన్సెలింగ్ కోడ్‌లను మాత్రం సంక్షిప్త రూపాలుగా తీసుకోకండి. సీట్ల పట్టికల్లో మెకానికల్‌కు ఎంఈసీ అనీ, సివిల్‌కు సీఐవీ అనీ, ఐటీకి ఐఎన్ఎఫ్ అనీ, కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్‌లతో కూడిన సీఎస్ఈకి సీఎస్ఎం అనీ, డేటా సైన్స్‌తో కూడిన దానికి సీఎస్‌డీ అనీ మూడక్షరాల కోడ్‌లు కనిపిస్తాయి. అవి కంప్యూటర్ సౌకర్యం కోసం ఏర్పరచినవి. మెకానికల్ కోడ్ ఇంటర్‌లోని ఎంఈసీ గ్రూపుతో అక్షరం అక్షరం కలిసిపోతుంది. ఒక తండ్రి తన బిడ్డ చదువు కోసం కరపత్రం తిరగేస్తున్నప్పుడు ఎంఈసీ అనగానే ఆయనకు తట్టేది గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యం. సీఎస్ఎం, సీఎస్‌డీ వంటివి కళాశాలల్లో మాటల్లోకి వచ్చేశాయి నిజమే. అయినా బయటివారు చదివే రచనలో సీఎస్ఈ డేటా సైన్స్ అనే రాయడం మేలు.

కాలాన్ని కూడా ఆధారంగానే చూడాలి. బీజెడ్‌సీ చదివి 2015లో డిగ్రీ పూర్తిచేసినవారిని ఇప్పుడు కొత్త విధానం వచ్చింది గదా అని వృక్షశాస్త్రం మేజర్ అని మార్చకూడదు. కొత్త బ్యాచ్ విద్యార్థులను పాత అలవాటుతో బీజెడ్‌సీ అనీ రాయకూడదు. ప్రవేశపరీక్ష పేరుకూ ఇదే వర్తిస్తుంది. అది ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. అంతకుముందు రాసినవారు రాసింది ఎంసెట్. ఎంఫిల్‌ను యూజీసీ 2022 నాటి నిబంధనలతో నిలిపివేసింది, అయినా అంతకుముందు దాన్ని పొందినవారి పేరు పక్కన అది గౌరవంగా ఉండవలసిందే.

ఆరో మెట్టు: రెండర్థాలిచ్చే అక్షరాలను వేరుచేయడం

ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఇక్కడే. ఎంచుకున్న ప్రతి రూపాన్నీ పట్టుకుని, ఈ అక్షరాలకు మన చదువరి మనసులో మరో అర్థం ఉందా అని అడగాలి. తెలుగు దినపత్రిక రోజూ చదివేవారికి సీఎస్ అంటే ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, ఐటీ అంటే ఆదాయపు పన్ను శాఖ కూడా, ఎండీ అంటే సంస్థ మేనేజింగ్ డైరెక్టర్, డీఎంఈ అంటే వైద్యవిద్య సంచాలకులు. పాలిటెక్నిక్‌లో డీఎంఈ అంటే మెకానికల్ ఇంజినీరింగ్ డిప్లొమా. డిప్లొమా మెకానికల్ అని రాస్తే అక్షరాలు పెరుగుతాయి, కానీ ఎవరూ తడబడరు.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం తెచ్చేది సీఏ. డిగ్రీ కళాశాలల్లో బీకామ్ సీఏ అంటే కంప్యూటర్ అప్లికేషన్స్‌తో కూడిన బీకామ్. అదే రెండక్షరాలు చార్టర్డ్ అకౌంటెన్సీకి దేశమంతటా పేరు. జాబితాలో ఒకరి పేరు పక్కన బీకామ్, సీఏ అని ఉండి, మరొకరి పక్కన బీకామ్ సీఏ అని ఉంటే, ఒక్క కామా మీద ఒక వృత్తి అర్హత మొత్తం ఆధారపడి ఉంటుంది. అచ్చులో ఆ కామా రాలిపోవడం ఎంతసేపు? ఇలాంటిచోట పొడి అక్షరాల మీద మమకారం వదులుకోవాలి. బీకామ్ కంప్యూటర్ అప్లికేషన్స్ అని పూర్తిగా రాసి, సీఏ అనే రూపాన్ని చార్టర్డ్ అకౌంటెన్సీకి మాత్రమే కేటాయించండి. ఆ నిర్ణయాన్ని పట్టికలోని గమనికల వరసలో స్పష్టంగా రాయండి, లేకపోతే మరొకరు వచ్చి దాన్ని కుదించేస్తారు.

ఎంఎస్ సంగతి మరీ సున్నితమైనది. మన వైద్యవిద్యలో అది శస్త్రచికిత్సలో పీజీ పట్టా. అమెరికా వెళ్లిన వేలాది తెలుగు కుటుంబాల్లో అది మాస్టర్ ఆఫ్ సైన్స్, అంటే కంప్యూటర్ సైన్స్‌లోనో ఎలక్ట్రికల్‌లోనో చేసే పీజీ. శుభలేఖల్లో ఎం.ఎస్. పక్కనే యు.ఎస్.ఏ. అని చేర్చే అలవాటు ఈ చిక్కును చాలావరకు తీరుస్తోంది. డైరెక్టరీలోనూ ఆ పద్ధతి పాటించవచ్చు, లేదా విషయం పేరు తప్పనిసరిగా చేర్చి ఎంఎస్ కంప్యూటర్ సైన్స్, ఎంఎస్ జనరల్ సర్జరీ అని రాయవచ్చు. ఎండీ కూడా ఇటువంటిదే. ఇక్కడ ఎంబీబీఎస్ తరవాత చేసే పీజీ ఎండీ. అమెరికాలో వైద్యులయ్యేవారు పొందే తొలి వైద్య పట్టాయే ఎండీ. అక్కడ చదివిన తెలుగు వైద్యుల పేరు పక్కన ఎంబీబీఎస్ లేదని చూసి మనమే దాన్ని చేర్చేయకూడదు.

అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే విద్యార్థులు ఈసీఈ దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడ అది ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల్లో అవే అక్షరాలు ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్ ఇంజినీరింగ్ విభాగాన్ని సూచిస్తాయి. దరఖాస్తులోనూ రెజ్యుమేలోనూ మార్కుల ధ్రువపత్రంలో ఉన్న పూర్తి పేరే రాయాలి. బీఎస్ కూడా ఇప్పుడు అమెరికాకే పరిమితం కాదు. ఐఐటీ మద్రాస్ 2020లో ఆన్‌లైన్‌లో బీఎస్సీగా ప్రారంభించిన ప్రోగ్రామింగ్, డేటా సైన్స్ చదువు తరవాత బీఎస్ అయింది. బీఎస్ కనిపించగానే అచ్చుతప్పనుకుని బీఎస్సీ అని దిద్దే ముందు పట్టా చూడాలి.

పునరుక్తి కూడా ఇక్కడే దొరుకుతుంది. సీఎస్ఈ ఇంజినీరింగ్ అన్నప్పుడు చివరి అక్షరం చెప్పిందే మళ్లీ చెప్పినట్టు. సీఎస్ఈ అంటే చాలు. ఐటీ విషయంలో మాత్రం ఐటీ బ్రాంచి అని తోడు మాట చేర్చడం మంచిదే, ఎందుకంటే అది ఆదాయపు పన్ను అర్థాన్ని దూరం చేస్తుంది.

ఏడో మెట్టు: తొలి ప్రస్తావన, ఆ తరవాత విభక్తులు

వ్యాసంలో ఒక చదువు మొదటిసారి వచ్చినప్పుడు పూర్తి పేరు రాసి, వెంటనే సంక్షిప్త రూపం చెప్పి, ఆ తరవాత సంక్షిప్త రూపమే వాడాలి. ఆ చదువు రచన మొత్తంలో ఒక్కసారే వస్తుంటే పొట్టి రూపం పరిచయం చేయడమే అనవసరం. బీఏ, బీకామ్, ఎంబీబీఎస్ వంటివి ఇంటింటా తెలిసినవి, వాటికి వివరణ అక్కరలేదు. సీఎస్ఈ, ఈసీఈలకు విద్యార్థుల సంచికలో అక్కరలేదు గానీ గ్రామాల్లోని తల్లిదండ్రులకు పంచే కరపత్రంలో కావాలి. సంచికలో ఒక్కో వ్యాసాన్ని విడిగా చదువుతారు కాబట్టి ప్రతి వ్యాసాన్నీ కొత్త రచనగానే లెక్కించాలి. బీజెడ్‌సీ వంటి వాటిని వివరించేటప్పుడు అక్షరాల లెక్క కుదరదని భయపడకుండా వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం అని తెలుగులోనే చెప్పవచ్చు. చదువరికి కావలసింది ఆ విద్యార్థి ఏం చదివాడన్నదే. తెలుగు, చరిత్ర, సంస్కృతం వంటి ఎంఏ విషయాలను కుదించనే వద్దు.

విభక్తుల విషయంలో తెలుగు వ్యాకరణమే దారి చూపుతుంది. పొట్టి రూపం ఇ, ఈ, ఐ ధ్వనులతో ముగిస్తే కి, ని వస్తాయి. మిగతాచోట్ల కు, ను వస్తాయి. ఆ ప్రకారం బీఎస్సీకి, సీఎస్ఈని, పీహెచ్‌డీకి అనీ, బీఏకు, ఎంబీఏను, బీటెక్‌కు అనీ రాయాలి. ప్రత్యయాన్ని ఖాళీ వదలకుండా రూపానికి ఆనించి రాయాలి, హల్లుతో ముగిసే బీటెక్, బీకామ్‌లకు ముందు చెప్పిన కనిపించని అక్షరం చేర్చాలి. చుక్కల పద్ధతిలో బి.ఏ.లో, ఎం.ఏ.కు అని చుక్క తరవాతే ప్రత్యయం వస్తుంది. చూడటానికి కొంచెం ఇరుకుగా అనిపించినా అదే సరైనది.

పేరు పక్కన డిగ్రీలు రాసేటప్పుడు ఒకే విషయంలో పై పట్టా ఉంటే కింది పట్టా వదిలేయవచ్చు; ఎంఏ తెలుగు ఉన్నచోట బీఏ అక్కరలేదు. పేరు ముందు డాక్టర్ అని పెట్టి వెనక పీహెచ్‌డీ అని కూడా పెట్టడం ఒకే గౌరవాన్ని రెండుసార్లు చెప్పడమే. ఇంకా చదువుతున్న డిగ్రీని శుభలేఖల్లో కుండలీకరణాల్లో ఉంచే ఆచారం కొందరికి ఉంది. అధికారిక పత్రాల్లో దానికి బదులు చదువుతున్నారు అని మాటల్లోనే చెప్పాలి.

ఎనిమిదో మెట్టు: మార్పిడి, తరవాత మళ్లీ చదవడం

పట్టిక పూర్తయ్యాక కంప్యూటర్లో ఒక రూపాన్ని వెతికి మరో రూపంతో మార్చే సదుపాయం వాడతాం. అది ఎంత వేగంగా మేలు చేస్తుందో అంత వేగంగా చెడగొడుతుంది, ఎందుకంటే ఈ రూపాలు ఒకదాని కడుపులో మరొకటి దాగి ఉంటాయి. బీబీఏలో బీఏ ఉంది. బీఈడీలో బీఈ ఉంది. ఎంఎస్సీలో ఎంఎస్ ఉంది. సీఎస్ఈలో సీఎస్ ఉంది. ఐటీఐలోనూ, ఐఐటీలోనూ ఐటీ ఉంది. ఐటీ అనే రెండక్షరాలను ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అని ఒక్క మీట నొక్కి మార్చేస్తే సంచికలోని ప్రతి ఐఐటీ పాడవుతుంది. అన్నిటినీ ఒకేసారి మార్చే మీట జోలికి పోకుండా ఒక్కో చోటా ఆగి, చూసి, మార్చాలి. పొడవైన రూపాలను ముందు, పొట్టివాటిని తరవాత తీసుకోవాలి. కనిపించని అక్షరం ఉన్నదీ లేనిదీ రెండూ వెతకాలి. పీహెచ్‌డీని వెతికినప్పుడు పీహెచ్డీని కూడా విడిగా వెతకడం మరవకూడదు. మార్పిడి మొదలుపెట్టే ముందు అసలు ప్రతిని వేరే పేరుతో దాచిపెట్టుకోండి.

ఇతరుల మాటలను ఉటంకించినచోట, పుస్తకాల పేర్లలో, పట్టా నకళ్లలో, సంస్థల అధికారిక పేర్లలో ఉన్న రూపాలను ముట్టుకోకూడదు. వాటిని పట్టికలో ప్రత్యేకంగా గుర్తించి, మార్పిడి సమయంలో దాటేయాలి.

చివరగా కాగితం మీద ప్రతి తీసి, చదువుల పేర్లను మాత్రమే చూస్తూ ఇంకోసారి చదవాలి. ఈసారి చదివేది ప్రతిని రాసినవారు, దిద్దినవారు కాకుండా మరొకరైతే మంచిది. డైరెక్టరీ అయితే ఎవరి వివరం వారికి పంపి, తమ పట్టా పేరు సరిగా ఉందని వారి నోటనే చెప్పించుకోవాలి. పట్టిక మీద తేదీ వేసి, వచ్చే ఏడాది సంచిక చూడబోయేవారికి అందజేయాలి. కొత్త బ్రాంచి వచ్చినా, విశ్వవిద్యాలయం ఒక పేరు మార్చినా వారు ఆ పట్టికలోనే ఒక వరస చేర్చి, తాము చేర్చిన తేదీని దాని పక్కన వేసుకుంటారు.